బొమ్మ నాయకుడిది, బిల్లు ప్రజలది



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన జిల్లా ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. బిల్లు చదవడం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. అందుకే ఈ రోజు ఒక రకం బిల్లు గురించే మాట్లాడతాను.

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో 2220 అని ఒక పద్దు ఉంటుంది. దాని పేరు సమాచారం, ప్రచారం. ఏదైనా శాఖ తన పథకానికి ప్రకటన కావాలనుకుంటే సమాచార పౌర సంబంధాల శాఖకు రాస్తుంది. ఆ శాఖ డిజైన్ చేయించి పత్రికలకు రిలీజ్ ఆర్డర్ పంపుతుంది. ప్రకటన అచ్చయ్యాక పత్రిక వాళ్లు బిల్లుకు ఆ రోజు పేపరును జతచేసి పంపుతారు. ఆ బిల్లును పరిశీలించే గుమాస్తా చేసే పనేమిటి? స్కేలు పెట్టి ప్రకటన ఎన్ని చదరపు సెంటీమీటర్లుందో కొలుస్తాడు. ఆ పత్రికకు ఖరారైన రేటుతో గుణిస్తాడు. మొదటి పేజీ అయితే, రంగుల పేజీ అయితే అదనపు రేటు సరిగా వేశారా, మంజూరు ఉత్తర్వు ఉందా, బడ్జెట్ ఉందా, సంతకాలున్నాయా అని చూస్తాడు. అన్నీ ఉంటే బిల్లు పాస్. కొలతలో తేడా వస్తే ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపుతాడు.

ఆ కొలిచిన జాగాలో సగం ఒక మనిషి ముఖమే ఉంటే? దానికి ఆబ్జెక్షన్ రాసే అధికారం ఆ గుమాస్తాకు లేదు. ఆయన పై అధికారికీ లేదు. సెంటీమీటరును ప్రశ్నించగలం, ముఖాన్ని ప్రశ్నించలేం. ప్రజాధనంతో నాయకుడి ప్రచారం జరగడం మన దేశంలో దొంగచాటు వ్యవహారం కాదు. అన్ని సంతకాలతో, అన్ని వోచర్లతో, సక్రమంగా జరిగే పని. దాన్ని ఆపాలంటే అచ్చు కాకముందే చూసి కాదనగల వాళ్లు ప్రభుత్వం బయట ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ప్రభుత్వం ప్రకటనలే ఇవ్వకూడదని నేననడం లేదు. తుఫాను వస్తోందంటే చెప్పాలి. పోలియో చుక్కల తేదీ చెప్పాలి. కోవిడ్ రోజుల్లో ఏ లక్షణానికి ఎక్కడికి పరిగెత్తాలో చెప్పే ప్రకటన ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఆరోగ్యశ్రీ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో తెలియక ఊళ్లో పొలం అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. అలాంటి వాళ్లకు చేరే ప్రతి ప్రకటనా ఖర్చు కాదు, సేవ. నా ఫిర్యాదు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ సేవకు కేటాయించిన డబ్బు ఆ సేవకు పోవడం లేదు.

ఏదైనా పథకం ప్రారంభమైన రోజు పేపరు తీసి చూడండి. మొదటి పేజీ మొత్తం ప్రకటన. కుడివైపు ముఖ్యమంత్రి నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించో, చేయి ఊపుతూనో. పైన ఒక మూల పార్టీ పెద్ద బొమ్మ, లేదా కన్నుమూసిన తండ్రి బొమ్మ, మామ బొమ్మ. పెద్ద అక్షరాల్లో ఎన్ని లక్షల మంది, ఎన్ని వేల కోట్లు. "గౌరవనీయులైన ముఖ్యమంత్రివర్యుల అమృత హస్తాల మీదుగా" అన్న ధోరణిలో ఒక వరుస. కింద మంత్రుల ఫొటోలు వరుసగా. ఇవన్నీ అయ్యాక, అడుగున, కళ్లద్దాలు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో టోల్ ఫ్రీ నంబరు. అర్హత ఏమిటి, ఆఖరు తేదీ ఎప్పుడు, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, సచివాలయంలో ఎవరిని కలవాలి? చాలా ప్రకటనల్లో ఒక్కటీ ఉండదు. ముఖాన్ని అరచేత్తో మూసి చూడండి. మిగిలినదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఎంతుందో, ఆ ప్రకటనలో ప్రజల కోసం చేసిన ఖర్చు అంతే.

కేంద్రం లెక్కలు పార్లమెంటులో చెప్పినవే ఉన్నాయి. 2014 నుంచి 2022 డిసెంబరు మొదటి వారం దాకా ప్రకటనల మీద పెట్టిన ఖర్చు 6,491 కోట్ల రూపాయలు. అందులో టీవీ, రేడియో వంటి ఎలక్ట్రానిక్ మాధ్యమాలకు 3,260 కోట్లు, పత్రికలకు 3,230 కోట్లు. ఇది కేంద్రం ఒక్కటే పెట్టినది. రాష్ట్రాల ఖర్చు ఇందులో లేదు. మొత్తం సంఖ్య కన్నా నన్ను ఎక్కువ కలచివేసింది మరో లెక్క. బేటీ బచావో బేటీ పఢావో పథకానికి 2016 నుంచి 2019 దాకా విడుదల చేసిన 446.72 కోట్లలో 78.91 శాతం కేవలం మీడియా ప్రచారానికే వెళ్లిందని 2021 డిసెంబరులో పార్లమెంటు మహిళా సాధికారత కమిటీ తేల్చింది. ఆ కమిటీ అప్పటి అధ్యక్షురాలు అధికార పక్షానికి చెందిన ఎంపీయే. వంద రూపాయల్లో దాదాపు డెబ్బై తొమ్మిది రూపాయలు! ఆడపిల్ల చదువు కోసం, ఆరోగ్యం కోసం నేల మీద చేయాల్సిన పనికి మిగిలింది ఇరవై ఒకటి. ప్రచారం కూడా పథకంలో భాగమేనని వాదించవచ్చు. ఆడపిల్లను కడుపులోనే చంపే చోట మనసు మార్చడానికి మాట చెప్పాల్సిందే. కానీ అయిదింట నాలుగు వంతులు మాటకే పోతే బడిలో మరుగుదొడ్డి ఏ డబ్బుతో కడతారు?

ఢిల్లీలో ఇదే విషయం సుప్రీంకోర్టు ముందు మరో రూపంలో తేలింది. ప్రాంతీయ రైలు ప్రాజెక్టుకు ఇవ్వాల్సిన వాటా 415 కోట్లు తమ దగ్గర లేవని ఢిల్లీ ప్రభుత్వం చెప్పింది. మూడేళ్లలో ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టారో లెక్క తెమ్మని కోర్టు 2023 జులైలో అడిగింది. తేలిన లెక్క 1,073 కోట్లు. బకాయి కట్టకపోతే ప్రకటనల బడ్జెట్ నుంచే మళ్లిస్తామని నవంబరులో ఉత్తర్వు ఇచ్చేదాకా వెళ్లింది. ప్రజలు ఎక్కే రైలుకూ నాయకుడి బొమ్మకూ మధ్య ఎంపిక ఎంత సూటిగా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కోర్టుల దాకా వచ్చాం కాబట్టి అసలు తీర్పు గురించి చెప్పాలి. కామన్ కాజ్ అనే సంస్థ 2003లో వేసిన పిటిషన్ పన్నెండేళ్లు నడిచింది. మధ్యలో, 2014 ఏప్రిల్‌లో, మార్గదర్శకాలు రాయమని సుప్రీంకోర్టు ముగ్గురితో ఒక కమిటీ వేసింది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌ను నిలబెట్టిన ఎన్.ఆర్. మాధవ మీనన్ అందులో ప్రముఖులు. ఆ కమిటీ రాసిన సూత్రాలు సామాన్యుడికి అర్థమయ్యేవే. ప్రకటన ప్రభుత్వ బాధ్యతకు సంబంధించినదై ఉండాలి. నిష్పాక్షికంగా ఉండాలి. ఏ పార్టీ ప్రయోజనానికీ ఉపయోగపడకూడదు. పెట్టిన ఖర్చుకు తగిన కారణం చూపాలి. అధికార పార్టీ పేరు, గుర్తు, జెండా కనబడకూడదు. ఎదుటి పార్టీని విమర్శించకూడదు.

2015 మే 13న జస్టిస్ రంజన్ గొగోయ్, మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం ఆ సూత్రాల్లో ఎక్కువ భాగాన్ని ఆమోదించింది. ఫొటోల విషయంలో కమిటీ కన్నా ఒక అడుగు ముందుకు వేసింది. రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి, వీళ్ల ఫొటోలు మాత్రమే వేయవచ్చు, గాంధీజీ వంటి దివంగత నేతలవి సందర్భాన్ని బట్టి వేసుకోవచ్చు అంది. ఒక ప్రభుత్వ పథకాన్ని ఒక వ్యక్తితో ముడిపెట్టడం ప్రజాస్వామ్యానికి విరుద్ధమన్న భావన ఆ తీర్పులో ఉంది. చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

ఆ ఆనందం ఏడాది కూడా నిలవలేదు. కేంద్రమూ, కర్ణాటక, పశ్చిమ బెంగాల్, తమిళనాడు వంటి రాష్ట్రాలూ పునఃసమీక్ష కోరాయి. ఒకరినొకరు తిట్టుకునే పార్టీలన్నీ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయి. సమాఖ్య వ్యవస్థలో ప్రధానికి లేని అభ్యంతరం ముఖ్యమంత్రికి ఎందుకన్నది వాళ్ల వాదన. నిజానికి ఆ వాదనలో న్యాయం ఉంది. ప్రధాని ఫొటోను కూడా తీసేసి ఉంటే ఆ వాదనకు చోటే ఉండేది కాదు. కోర్టు మాత్రం రెండో దారి పట్టింది. 2016 మార్చి 18న గవర్నర్లు, ముఖ్యమంత్రులు, సంబంధిత శాఖల కేంద్ర, రాష్ట్ర మంత్రుల ఫొటోలకూ అనుమతిచ్చింది. తలుపు కొద్దిగా తెరిచి ఉందన్న ఫిర్యాదుకు తలుపే పీకేసినట్టయింది.

అయినా 2015 తీర్పులో మిగిలిన భాగం చెల్లుతుంది. పార్టీ ప్రయోజనానికి ప్రకటన ఇవ్వకూడదన్న నియమం ఇవాళ్టికీ అమల్లోనే ఉంది. అమలు చేసేదెవరు? కమిటీ అంబుడ్స్‌మన్‌ను కోరింది. కోర్టు దాని బదులు ముగ్గురు సభ్యుల సంఘాన్ని ప్రభుత్వమే నియమించాలంది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వాళ్లే తీర్పరిని నియమిస్తారన్నమాట. కేంద్రం 2016లో ఆ సంఘాన్ని వేసింది. రాష్ట్రాలు కూడా సొంత సంఘాలు వేసుకోవాలి. 2020లో కేంద్ర సమాచార శాఖ చెప్పిన ప్రకారం వేసుకున్నవి కర్ణాటక, గోవా, మిజోరం, నాగాలాండ్. ఛత్తీస్‌గఢ్ కేంద్ర సంఘానికి సమ్మతి తెలిపింది. ఆ జాబితాలో మన రెండు తెలుగు రాష్ట్రాల పేర్లూ లేవు.

ఈ సంఘం పని గట్టిగా వినబడింది ఒక్క ఢిల్లీ విషయంలోనే. ఆమ్ ఆద్మీ ప్రభుత్వ ప్రకటనలు నియమాలు మీరాయని సంఘం తేల్చింది. 97 కోట్లు పార్టీ నుంచి వసూలు చేయమని లెఫ్టినెంట్ గవర్నర్ 2017లో ఆదేశించారు. 2023 జనవరిలో వడ్డీతో కలిపి 163.62 కోట్లకు నోటీసు వెళ్లింది. పార్టీ చేసిన ప్రచారానికి పార్టీయే డబ్బు కట్టాలన్న సూత్రం అక్షరాలా సరైనది. ప్రతి రాష్ట్రంలోనూ అదే జరగాలి. కానీ ఆ నోటీసు ఇచ్చింది కేంద్రం కింద పనిచేసే యంత్రాంగం, అందుకున్నది కేంద్రానికి ప్రత్యర్థి పార్టీ. అంతే తీవ్రమైన నోటీసు సొంత పార్టీ ప్రభుత్వానికి వెళ్లిన సందర్భం నేను చూడలేదు. శత్రువు చేతిలో మాత్రమే అమలయ్యే నియమాన్ని ప్రజలు నియమంగా గౌరవించరు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత పంచాయతీ భవనాలకు, గ్రామ సచివాలయాలకు అధికార పార్టీ జెండా రంగులు వేశారు. తీసేయమని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు అదే నెలలో అప్పీలును కొట్టేసింది. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. ఉన్న రంగులకు మట్టిరంగు ఒకటి చేర్చి 623 నంబరు జీవో ఇచ్చింది. దాన్ని కూడా హైకోర్టు రద్దు చేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించి, నాలుగు వారాల్లో రంగులు తీసేయమంది. అప్పటికి దేశమంతా కరోనాతో అల్లాడుతోంది. ఆ సమయంలో ఒక రాష్ట్ర ప్రభుత్వం గోడల రంగు కోసం సుప్రీంకోర్టుకు రెండుసార్లు వెళ్లింది. వేసిన సున్నానికీ తీసిన సున్నానికీ లాయర్ల ఫీజుకూ చెల్లించింది మనమే.

అదే ప్రభుత్వం రైతు పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో అచ్చేయించింది. తాతల నాడు చెమటోడ్చి సంపాదించిన భూమి, దాని హక్కు పత్రం మీద అయిదేళ్ల పదవిలో ఉన్న మనిషి బొమ్మ! పొలం గట్టున పాతిన సర్వే రాళ్ల మీద కూడా పథకం పేరుతో పాటు ఆయన పేరు చెక్కించారు. 2024లో ప్రభుత్వం మారింది. పాసుపుస్తకాల మీద రాజముద్ర వేసి కొత్తవి ఇస్తామన్నారు, రాళ్ల మీద పేర్లు చెరిపిస్తామన్నారు. రాజముద్ర వేయడం సరైన నిర్ణయం. అయితే ఇప్పుడు ఆ మాట చెప్పిన పార్టీ 2014-19 మధ్య చంద్రన్న కానుక, చంద్రన్న బీమా పేర్లు పెట్టినప్పుడు ఈ న్యాయం ఎందుకు గుర్తుకు రాలేదని కూడా అడగాలి. తెలంగాణలో బాలింతకు ఇచ్చిన సంచికి కేసీఆర్ కిట్ అని పేరు పెట్టారు. అందులోని సబ్బు, దోమతెర, పసిబిడ్డ బట్టలు అన్నీ ఆ తల్లి కట్టిన పన్నుతో కొన్నవే. కాంగ్రెస్ సంగతి చెప్పనక్కర్లేదు. రాజీవ్, ఇందిర పేర్లు లేని పథకం ఒకప్పుడు వెతికితే గాని దొరికేది కాదు. చనిపోయిన నాయకుల పేర్లు పెట్టడాన్ని నేను అంత పెద్ద తప్పుగా చూడను. రేపు ఓటు అడగబోయే మనిషి పేరు పెట్టడం వేరు.

ఈ విషయంలో మద్రాసు హైకోర్టు 2025 జులైలో ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బతికున్న వ్యక్తుల పేర్లతో కొత్త పథకాలు వద్దంది. సుప్రీంకోర్టు వారం తిరగకుండానే దాన్ని కొట్టేసి, కేసు వేసిన అన్నాడీఎంకే ఎంపీకి పది లక్షల ఖర్చులు విధించింది. అన్ని రాష్ట్రాల్లోనూ అన్ని పార్టీలూ ఈ పని చేస్తుండగా ఒక్కరి మీదే కేసెందుకన్నది కోర్టు అభ్యంతరం. కేసు వెనక రాజకీయం ఉండి ఉండవచ్చు. కానీ అందరూ చేస్తున్నారన్నది తప్పును ఒప్పు చేయదు. అందరినీ ఆపడానికి అదొక అవకాశం. అది చేజారింది.

తమిళనాడులోనే మంచి ఉదాహరణా ఉంది. 2021లో ప్రభుత్వం మారినప్పుడు జయలలిత, పళనిస్వామి బొమ్మలతో అచ్చైన బడి సంచులు దాదాపు 65 లక్షలు గోదాముల్లో ఉన్నాయి. కొత్త ముఖ్యమంత్రి స్టాలిన్ వాటిని పారేయించలేదు. ఉన్నవి ఉన్నట్టే పిల్లలకు పంచమన్నారు. దాదాపు 13 కోట్లు మిగిలాయని, ఆ డబ్బు విద్యార్థులకే ఖర్చు పెడతామని విద్యామంత్రి చెప్పారు. ప్రత్యర్థి ముఖం ఉన్న సంచిని తన ప్రభుత్వం చేత్తో పంచడానికి మనసు కావాలి. సంచి మీద అసలు ఎవరి ముఖమూ లేకుంటే ఆ మనసు అవసరమే ఉండేది కాదు.

ప్రకటనల డబ్బుకు రెండో పని కూడా ఉంది. అది మొదటిదాని కన్నా ప్రమాదకరం. పత్రిక నడవాలంటే ప్రభుత్వ ప్రకటన కావాలి. జిల్లాల్లోని చిన్న పత్రికకైతే అదే ఊపిరి. ఇచ్చే చెయ్యి ఆపగలదు కూడా. ఈ పోరాటం మన హైకోర్టులోనే నలభై ఏళ్ల కిందట జరిగింది. ఈనాడు ప్రచురణ సంస్థ ఉషోదయ పబ్లికేషన్స్ వేసిన కేసులో, ప్రకటనల మీద ఉన్న అధికారాన్ని ఒక పత్రికను ఆదరించడానికో, విమర్శించే పత్రికను శిక్షించడానికో వాడకూడదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1981 నాటి లా రిపోర్టుల్లో ఉందా తీర్పు. పత్రికా స్వేచ్ఛ గురించి పాఠం చెప్పే ప్రతి తరగతి గదిలోనూ దాన్ని చదివించాలి.

నలభై ఏళ్ల తర్వాత అదే సంస్థ మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ఇది అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన సాక్షి పత్రిక సర్క్యులేషన్ పెంచడానికేనన్నది ఉషోదయ ఆరోపణ. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఆరోపణ నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా ఏ పత్రిక మొదటి పేజీలో ప్రకటన నిండుతుందో, ఏ పత్రికలో తగ్గుతుందో తెలుగు పాఠకులందరికీ తెలుసు. అన్ని పక్షాల పత్రికల్నీ కలిపే ఈ మాట అంటున్నాను.

ఎన్నికల కోడ్ వచ్చిన రోజు ఏం జరుగుతుందో మీరంతా చూసే ఉంటారు. పంచాయతీ సిబ్బంది మైదా జిగురు బక్కెట్టుతో బయల్దేరతారు. సచివాలయం గోడ మీది ముఖానికి పాత పేపరు అంటిస్తారు, శిలాఫలకాలకు గుడ్డ చుడతారు. ప్రభుత్వ ఖర్చుతో పార్టీకి లాభం చేకూర్చే ప్రకటనలు ఎన్నికల సమయంలో ఇవ్వకూడదని ప్రవర్తనా నియమావళి ఏడో భాగం చెబుతోంది. 2023 నవంబరు చివర, తెలంగాణ పోలింగుకు మూడు రోజుల ముందు, కర్ణాటక ప్రభుత్వం తెలంగాణ పత్రికల్లో ఇస్తున్న ప్రకటనల్ని ఎన్నికల సంఘం ఆపించింది కూడా. మంచిదే. కానీ ఆ బొమ్మ ఓటును ప్రభావితం చేస్తుందని రెండు నెలల పాటు ఒప్పుకున్న రాజ్యం మిగిలిన యాభై ఎనిమిది నెలలు దాన్ని ఎలా అనుమతిస్తుంది? మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు దాటకూడదు. టీ కప్పులు, కుర్చీల అద్దె సహా పరిశీలకులు లెక్క రాస్తారు. అధికారంలో ఉన్నవాడి ముఖం అయిదేళ్లు కోట్ల ఖర్చుతో ఇంటింటికీ వెళ్తుంది, దానికి ఏ పరిమితీ లేదు. ఎదుటి అభ్యర్థికి ఓటేసిన మనిషి కట్టిన పన్నూ అందులో ఉంది. ఇది పోటీ కాదు.

పరిష్కారం ఊహ కాదు, ఇతరులు చేసి చూపించారు. బ్రెజిల్ 1988 రాజ్యాంగం 37వ అధికరణంలోనే ఉంది: ప్రభుత్వ ప్రచారం సమాచారం కోసం, విద్య కోసం ఉండాలి, అధికారుల వ్యక్తిగత ప్రచారమయ్యే పేర్లు, గుర్తులు, బొమ్మలు ఉండకూడదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2004లో చేసిన చట్టం నాకు మరీ నచ్చింది. ప్రభుత్వ ప్రకటన అచ్చుకు వెళ్లే ముందు ఆడిటర్ జనరల్ కార్యాలయానికి వెళ్లాలి. మంత్రి పేరు, ముఖం, గొంతు ఉండకూడదు. పార్టీ ప్రయోజనం కోసమని ఆడిటర్ అంటే అది వెలుగు చూసేది కాదు. బిల్లు వచ్చాక స్కేలు పెట్టడం కాదు, బిల్లు పుట్టకముందే అడ్డుకోవడం. 2015లో అక్కడి ప్రభుత్వం సవరణలు చేసి ఆడిటర్ విచక్షణను కుదించింది. తన కార్యాలయం రబ్బరు స్టాంపుగా మారుతుందని ఆడిటర్ జనరల్ బహిరంగంగా హెచ్చరించారు. మంచి చట్టాన్ని కూడా కాపలా కాయాల్సిందే.

మన శాసనసభలకు ఇలాంటి చట్టం చేసే అధికారం ఉంది, కోర్టు కోసం ఎదురుచూడనక్కర్లేదు. పదవిలో ఉన్న ఎవరి ఫొటో, పేరు, పార్టీ రంగు ప్రభుత్వ ఖర్చుతో కనబడకూడదు. నిర్ణీత మొత్తం దాటిన ప్రతి ప్రకటననూ ముందుగా చూసే సంఘంలో ప్రతిపక్ష నేత సమ్మతి లేకుండా ఎవరినీ నియమించకూడదు. ఏ పత్రికకు, ఏ చానల్‌కు ఎంత ఇచ్చారో ప్రతి నెలా వెబ్‌సైటులో పెట్టాలి. నియమం మీరిన ప్రకటన డబ్బు పార్టీ ఖాతా నుంచి తిరిగి రావాలి. ప్రస్తుతానికి 2220 పద్దు మీద సభలో చర్చ జరగడమే అరుదు. చివరి రోజు మిగతా పద్దులతో కలిపి గిలెటిన్ చేసి, అంటే చర్చ లేకుండానే, ఆమోదించేస్తారు. దాన్ని విడిగా చర్చించాలని మీ ఎమ్మెల్యేను అడగండి. ఏ పార్టీ వారైనా సరే అడగండి.

చట్టం వచ్చేదాకా చేతిలో సమాచార హక్కు ఉంది. ఫలానా తేదీన ఫలానా పత్రికలో వచ్చిన ప్రకటనకు ఎంత చెల్లించారు, ఏ పద్దు నుంచి, రిలీజ్ ఆర్డర్ నకలు ఏది, డిజైన్‌ను ఆమోదించిన అధికారి ఎవరు, 2015 తీర్పులోని మార్గదర్శకాల ప్రకారం దాన్ని పరిశీలించిన నోట్ ఫైలు ఇవ్వండి. ఈ అయిదు ప్రశ్నలతో ఒక నమూనా దరఖాస్తు తయారుచేసి ప్రతులు ద్వారం దగ్గర బల్ల మీద పెట్టించాను. రాష్ట్ర స్థాయి కార్యాలయానికి రుసుము పది రూపాయలు. పంపిన వారు వచ్చిన జవాబు నకలు నాకూ పంపితే, అన్నీ ఒక చోట చేర్చే పని నేను చూసుకుంటాను.